కొక్కెం సూదితో క్రాకెన్

నార్వే దేశపు నావికులు పూర్వం ఒక సముద్రభూతం గురించి కథలుగా చెప్పుకొనేవారు. దాని పేరు క్రాకెన్. అది నడిసముద్రంలో దీవిలాగా తేలుతూ ఉంటుందట. దీవే కాబోలుననుకొని దగ్గరకు పోయిన ఓడను పొడుగాటి చేతులతో చుట్టేసి అడుక్కు లాక్కుపోతుందట. బెర్గెన్ పట్టణపు బిషప్పు ఎరిక్ పాంటొపిడన్ 1750 దశకంలో నార్వే ప్రకృతి చరిత్రను గ్రంథంగా రాశాడు. ఈ భూతం వీపు చుట్టుకొలత మైలున్నర ఉంటుందని ఆయన అందులో పేర్కొన్నాడు!

ఇంతటి భూతాన్ని మనం అరచేతిలో ఇమిడే ముద్దుబొమ్మగా అల్లుదాం. ఇందుకు కావలసినవి ఒక నూలుండ, ఒక కొక్కెం సూది, గుప్పెడు దూది, అంతే. కత్తిరించిన గుడ్డముక్కలు అక్కరలేదు, మూసలూ అక్కరలేదు. మరి గుండ్రటి తల ఎలా వస్తుంది? మెలికలు తిరిగిన చేతులు ఎలా వస్తాయి? లెక్కతో వస్తాయి. ఏ చుట్టులో ఎన్ని కుట్లు వేస్తున్నామో ఆ సంఖ్యే బొమ్మ ఆకారాన్ని నిర్ణయిస్తుంది. ఆ రహస్యమేమిటో చూద్దాం.

కథ వెనుక ఉన్న జంతువు

క్రాకెన్ కథ వట్టిదే. కాని దాని వెనుక నిజమైన జంతువు ఒకటి ఉండవచ్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అదే రాక్షస స్క్విడ్. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు స్టీన్‌స్ట్రుప్ 1857లో దీనికి ఆర్కిట్యూథిస్ అని పేరు పెట్టాడు. దీనికి ఎనిమిది చేతులు, వాటికి తోడు మరీ పొడుగాటి స్పర్శకాలు రెండు ఉంటాయి. వాటితో కలిపి కొలిస్తే సుమారు 12 మీటర్ల దాకా పెరుగుతుంది. మైలున్నర ఎక్కడ, 12 మీటర్లెక్కడ! చాలాకాలం వరకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన కళేబరాలను బట్టే దీని సంగతులు తెలిసేవి. చివరకు 2004లో జపాన్ శాస్త్రజ్ఞులు కుబొదెరా, మోరి కలిసి ఒగసవర దీవుల దగ్గర సుమారు 900 మీటర్ల లోతున దీన్ని సజీవంగా ఫోటోలు తీయగలిగారు.

మన కొల్లేరులో ఇటువంటి జంతువు ఉంటుందేమోనని భయపడకండి. స్క్విడ్, ఆక్టోపస్ కుటుంబంలోని జీవులు ఉప్పునీటిలోనే బతుకుతాయి. మంచినీటిలో బతికే జాతి ఒక్కటి కూడా లేదు. అయితే కొల్లేటి గట్ల మీద పాకే నత్త మాత్రం వీటికి దూరపు చుట్టమే. ఇవన్నీ మొలస్కా వర్గానికి చెందినవి.

సూది మన పక్కనే ఉంది

కొక్కెం సూదితో దారాన్ని అల్లే విద్యను క్రోషే అంటారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు చిన్న కొక్కెం అని అర్థం. దూది కుక్కిన చిన్న చిన్న బొమ్మలను ఈ విధంగా అల్లడం జపాన్‌లో బాగా వాడుకలోకి వచ్చింది. అక్కడ వీటిని అమిగురుమి అంటారు.

ఈ సూది కోసం మనం జపాన్ దాకా పోనవసరం లేదు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో ఎన్నో ఇళ్ళలో స్త్రీలు తరతరాలుగా ఇదే సూదితో లేసు అల్లుతున్నారు. స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844 ప్రాంతంలో ఇక్కడివారికి ఈ పని నేర్పారని చెబుతారు. కామవరపుకోట ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది, నరసాపురం పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. కాని 2022 వరకు రెండూ ఒకే జిల్లా. మీ ఊళ్ళో లేసు పని తెలిసిన అత్తయ్యో, అమ్మమ్మో ఉంటే సూది పట్టుకోవడం వారి దగ్గరే నేర్చుకోండి. పుస్తకం కన్నా చేయి చూసి నేర్చుకోవడం తేలిక.

మనకు కావలసిన కుట్టు ఒక్కటే. అల్లిన చోట సూదిని గుచ్చి దారాన్ని ఉచ్చుగా ఇవతలికి లాగండి. ఇప్పుడు సూది మీద రెండు ఉచ్చులుంటాయి. మరోసారి దారాన్ని కొక్కేనికి తగిలించి ఆ రెండింటిలోంచీ లాగేయండి. ఒక కుట్టు పూర్తయింది. ఈ కుట్టు ఎత్తు, వెడల్పు ఇంచుమించు సమానం. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికివస్తుంది.

ఆరే ఎందుకు?

ముందుగా రెండు గొలుసు కుట్లు వేసి, మొదటి గొలుసులోనే 6 కుట్లు వేయండి. ఇది మొదటి చుట్టు. రెండో చుట్టులో ఒక్కొక్క కుట్టులో రెండేసి వేస్తే 12 అవుతాయి. మూడో చుట్టులో ఒక కుట్టులో ఒకటి, తరువాతి దానిలో రెండు, ఇలా మార్చి మార్చి వేస్తే 18. నాలుగో చుట్టులో 24. అంటే చుట్టుకు ఆరేసి పెంచుతున్నామన్నమాట. ఇలా పోతూంటే కొల్లేటి కలువాకులాగా బల్లపరుపు బిళ్ళ వస్తుంది.

ఐదు కాకుండా, ఎనిమిది కాకుండా ఆరే ఎందుకు? వృత్తం చుట్టుకొలత సూత్రం మీరు తరగతిలో చదువుకున్నదే. వ్యాసార్థాన్ని 2తో, ఆ తరువాత 3.14తో గుణిస్తే చుట్టుకొలత వస్తుంది. ఒక చుట్టు వేస్తే వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తు పెరుగుతుంది. అప్పుడు చుట్టుకొలత 6.28 కుట్లు పెరగాలి. కుట్టు ఎత్తు దాని వెడల్పు కన్నా కొద్దిగా తక్కువ కాబట్టి 6 సరిపోతుంది. పొడవు కుట్టుతో బిళ్ళ అల్లేవారు సాధారణంగా 12తో మొదలుపెడతారు. ఆ కుట్టు ఎత్తు వెడల్పుకు ఇంచుమించు రెట్టింపు కదా! సూత్రం ఒకటే.

కొల్లేరులో చేత్తో విసురువల అల్లే జాలరికీ ఈ కిటుకు తెలుసు. నడుమ కొద్ది కళ్ళతో మొదలుపెట్టి, వరస వరసకూ కళ్ళు పెంచుకుంటూ పోతాడు. అలా పెంచకపోతే విసిరినప్పుడు వల గుండ్రంగా విచ్చుకోదు.

బిళ్ళ నుంచి బంతి

ఇప్పుడు భూతం తల అల్లుదాం. 6, 12, 18, 24, 30, 36 వరకు ఆరు చుట్లు పెంచండి. ఆ తరువాత పెంచడం మానేసి, 36 కుట్లతోనే ఆరు చుట్లు వేయండి. అంచు పైకి లేచి గిన్నెలాగా అవుతుంది. ఆపైన రెండేసి కుట్లను ఒకటిగా కలుపుతూ చుట్టుకు ఆరేసి తగ్గించండి: 30, 24, 18, 12, 6. 12 కుట్లు మిగిలినప్పుడే లోపల దూది కుక్కండి. బూరుగు దూది అయితే తేలికగా, మెత్తగా ఉంటుంది. చివరి ఆరు కుట్లలోంచి దారం లాగి బిగిస్తే బంతి మూసుకుంటుంది.

ఆరు చుట్లు పెంచాం, ఆరు చుట్లు ఊరికే వేశాం, తరువాత తగ్గించాం. ఈ మధ్య ఆరు చుట్లు ఎవరు నిర్ణయించారు? దీనికీ లెక్కే జవాబు. భూగోళాన్ని తలచుకోండి. భూమధ్యరేఖ పొడవు ఎంతో, ఉత్తర ధ్రువం నుంచి దక్షిణ ధ్రువానికి నేల మీదుగా దూరం అందులో సగం. మన బంతి భూమధ్యరేఖ 36 కుట్లు. కాబట్టి ఒక ధ్రువం నుంచి మరో ధ్రువానికి 18 చుట్లు ఉండాలి. మనం వేసినవి లెక్కించండి: 6, 6, 5 కలిపి 17. చివరి ముడితో ఇంచుమించు 18 అయ్యాయి!

ఇలా అల్లిన తల నిజానికి పూర్తి గోళం కాదు, కాస్త మూలలు తేలి ఉంటుంది. దూది దాన్ని లోపలినుంచి తోసి గుండ్రంగా చేస్తుంది. ఇంకా నున్నగా రావాలంటే పదో తరగతివారు సైన్ పట్టిక తీయండి. 18 చుట్లకు 180 డిగ్రీలు కాబట్టి చుట్టుకు 10 డిగ్రీలు. 36ను 10, 20, 30 డిగ్రీల సైన్‌తో వరసగా గుణిస్తే 6, 12, 18, 23, 28, 31, 34, 35, 36 వస్తాయి. మొదటి మూడు చుట్లలో ఆరేసి పెరిగింది. తరువాత పెరుగుదల క్రమంగా తగ్గింది. గోళం స్వభావమే అది.

జీలకర్రగూడెం కొండ మీది గుంటుపల్లి గుహలు చూడటానికి వెళితే అక్కడి గుండ్రటి చైత్యంలో తలెత్తి చూడండి. రెండు వేల సంవత్సరాల కిందట శిల్పులు కొండను తొలిచి, గుమ్మటంలాంటి ఆ కప్పులో చెక్కవాసాలను పోలిన వాసాలు చెక్కారు. కింద ఎడంగా ఉన్న వాసాలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. మన బంతిలో కుట్లు తగ్గినట్టే అక్కడ వాసాల మధ్య ఎడం తగ్గింది.

మెలికల చేతులు

చేతికోసం 31 గొలుసులు వేయండి. కొక్కెం పక్కనున్న గొలుసును వదిలేసి, మిగిలిన 30 గొలుసుల్లో రెండేసి కుట్లు వేస్తూ వెనక్కు రండి. మీరేమీ తిప్పకుండానే చేయి స్క్రూలాగా మెలికలు తిరుగుతుంది! కారణం తేలికే. ఒక అంచున 30 గొలుసులు, రెండో అంచున 60 కుట్లు. పొడుగు అంచు పొట్టి అంచును అంటిపెట్టుకొని ఉండాలంటే చుట్టుకుపోక తప్పదు.

ఇటువంటివి ఎనిమిది అల్లండి. పొడుగు స్పర్శకాలు రెంటికీ 61 గొలుసులు చొప్పున వేసి, మొదటి 10 గొలుసుల్లో మాత్రం రెండేసి, మిగిలిన 50లో ఒక్కొక్కటి వేయండి. కొస మెలిక తిరుగుతుంది, మిగిలిన భాగం ఇంచుమించు నిటారుగా ఉంటుంది. అసలు స్క్విడ్‌కు కూడా స్పర్శకం కొస వెడల్పుగా ఉండి, పట్టుగిన్నెలు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

అసలు జంతువు చేయి ఎలా మెలిక తిరుగుతుంది? అందులో ఎముక లేదు, అంతా కండరమే. ఒక పక్క కండరాలు కుంచించుకుంటే ఆ పక్క పొట్టిదవుతుంది, చేయి అటు వంగుతుంది. కాకరపాదు నులితీగ పందిరి పుల్లను చుట్టుకునేదీ ఇలాగే. తీగ ఒక పక్కకన్న రెండో పక్క పొడుగవుతుంది. జంతువు, తీగ, దారం మూడూ వేరైనా సూత్రం ఒక్కటే.

పది చేతులనూ తల అడుగున కుట్టేయండి. కళ్ళకు గుండీలు కాకుండా నల్లదారంతో కుట్లు వేయండి. పసిపిల్లలు గుండీ పీకి మింగే ప్రమాదం ఉంది.

లెక్క మించితే

చుట్టుకు ఆరుకన్న చాలా ఎక్కువ పెంచితే ఏమవుతుంది? బిళ్ళలో చోటు చాలక అంచు కుచ్చులు కుచ్చులుగా పైకీ కిందికీ లేస్తుంది. కోడిజుత్తు పువ్వు అచ్చం ఇలాగే ఉంటుంది. గణితంలో దీన్ని అతిపరావలయ తలం అంటారు. కాగితంతో చేస్తే ఇట్టే చిరిగిపోయే ఈ తలానికి గట్టి నమూనా కావాలని గణితజ్ఞులు ఎంతోకాలం చూశారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమిన్యా అనే గణిత అధ్యాపకురాలు 1997లో దాన్ని కొక్కెం సూదితో అల్లింది. ఒక్కొక్క చుట్టుకూ కుట్లను ఒకే నిష్పత్తిలో పెంచుతూ పోవడమే ఆమె చేసిన పని.

ఈ లెక్క తెలిసినవారు

మీ బొమ్మలో ఎన్ని కుట్లున్నాయి? తలలో 432, ఎనిమిది చేతుల్లో 480, స్పర్శకాల్లో 140, మొత్తం 1,052. ఇవన్నీ చేత్తో వేసినవే. బజారులో దొరికే మిషను లేసు వేరు. అసలైన క్రోషే అల్లికను చేయి చేసినట్టు చేసే యంత్రం కర్మాగారాల్లో లేదు. కాబట్టి ఎక్కడ క్రోషే వస్తువు కనిపించినా అందులోని ప్రతి కుట్టునూ ఎవరో ఒకరు లెక్కపెట్టి వేశారన్నమాటే.

నరసాపురం ప్రాంతంలో ఒకరు పువ్వులు అల్లితే మరొకరు వాటిని అతికి బల్లగుడ్డలుగా, దుప్పట్లుగా తయారుచేస్తారు. ఆ సరుకు విదేశాలకు పోతుంది. జర్మనీ సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఈ స్త్రీల మధ్య ఉండి పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. వీరు ఇంటిచాకిరీకి తోడు రోజులో చాలా గంటలు లేసు అల్లుతున్నారు, అయినా ఇది తీరికవేళ కాలక్షేపమని అందరూ అనుకోవడంవల్ల వీరిని కార్మికులుగా లెక్కించడంలేదు, కూలి కూడా చాలా తక్కువ, అని ఆమె చూపింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుతో మరోచోటి సరుకు అమ్మకుండా ఇది కాపాడుతుంది. కుట్టుకు తగిన కూలి మాత్రం కొనేవారూ అమ్మించేవారూ ఇస్తేనే అందుతుంది.

మీ మొదటి బంతి అల్లడానికి ఒక సాయంత్రమంతా పట్టవచ్చు. అది పూర్తయ్యాక లేసు దుప్పటి ఒకటి చేతిలోకి తీసుకొని, ఒక్క పువ్వులోని కుట్లు లెక్కపెట్టండి. ఆ తరువాత దాని ధర అడగండి. అప్పుడు ఆ ధర ఎక్కువో తక్కువో మీరే చెప్పగలరు.

ఇవి ఆలోచించండి

1. తలను 36 బదులు 48 కుట్ల దాకా పెంచితే మధ్యలో ఎన్ని చుట్లు ఊరికే వేయాలి?

2. ఒక్కొక్క కుట్టు వెడల్పు 5 మిల్లీమీటర్లయితే 36 కుట్ల తల అడ్డుకొలత ఎంత?

3. చుట్టుకు ఆరు బదులు నాలుగే పెంచుతూ పోతే ఏ ఆకారం వస్తుంది?

జవాబులు: 1. ఎనిమిది. 48లో సగం 24. 8 పెంచడానికి, 8 ఊరికే, 7 తగ్గించడానికి, చివరిది ముడికి. 2. చుట్టుకొలత 18 సెంటీమీటర్లు, దాన్ని 3.14తో భాగిస్తే సుమారు 5.7 సెంటీమీటర్లు. 3. శంఖువు. భూతానికి టోపీగా పనికివస్తుంది!