రూ.10 వేల లోపు మంచి గిటార్ కొనాలంటే ముందు చూడాల్సింది తీగల ఎత్తు

సెలవులొస్తే పిల్లలు అడిగే వస్తువుల్లో ఇప్పుడు గిటార్ కూడా చేరింది. ఆన్‌లైన్‌లో మూడు వేలకే కనిపిస్తుంది, షాపుకెళ్తే ఇరవై వేలవి చూపిస్తారు. ఏది తీసుకోవాలో తెలియక చాలామంది తల్లిదండ్రులు రంగు, ఆఫర్ చూసి ఆర్డర్ పెట్టేస్తారు. రెండు నెలల్లో అది బీరువా మీదికి చేరుతుంది. పిల్లాడికి శ్రద్ధ లేదని ఇంట్లో అందరూ అంటారు. చాలాసార్లు అసలు కారణం ఆ గిటార్ వేళ్లని కోసేలా ఉండటమే.

వేళ్లు ఎందుకు నొప్పెడతాయి?

అకూస్టిక్ గిటార్‌కి ఆరు స్టీలు తీగలుంటాయి. శ్రుతి చేశాక ఆరూ కలిపి సుమారు 70 కిలోల బరువుతో సమానంగా లాగుతుంటాయి. వీణకి మెట్లు ఉన్నట్టే గిటార్ మెడ మీద ఫ్రెట్లు ఉంటాయి. తీగ ఫ్రెట్‌కి ఎంత ఎత్తులో ఉంటే దాన్ని అంత గట్టిగా నొక్కాలి. ఈ ఎత్తునే షాపువాళ్లు 'యాక్షన్' అంటారు.

12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద 2.5 మి.మీ., సన్న తీగ కింద 2 మి.మీ. ఉంటే కొత్తగా నేర్చుకునేవాళ్లకి హాయిగా ఉంటుంది. చవక గిటార్లలో ఇది 4 మి.మీ. దాకా ఉండటం మామూలే. కొలవడానికి అంచు నుంచే సున్నా మొదలయ్యే చిన్న స్టీలు స్కేలు చాలు. ఎంత మంచి గిటార్ అయినా మొదటి కొన్ని వారాలు వేలి కొనలు మంటెడతాయి, తర్వాత అలవాటైపోతుంది. ఎత్తు ఎక్కువున్న గిటార్‌తో అయితే ఆ నొప్పి ఓ పట్టాన తగ్గదు.

ఎత్తు తగ్గించవచ్చా?

తగ్గించవచ్చు. తీగలు ఆనే తెల్లటి పట్టీని 'శాడిల్' అంటారు. దాని అడుగు భాగాన్ని 2 మి.మీ. అరగదీస్తే 12వ ఫ్రెట్ దగ్గర ఎత్తు 1 మి.మీ. తగ్గుతుంది. అందుకే కొనేటప్పుడు ఆ పట్టీ బ్రిడ్జి పైకి కనీసం 3 మి.మీ. కనిపించాలి. ఇప్పటికే అంతా అరిగిపోయి ఉంటే ఇక తగ్గించడానికి ఏమీ మిగలదు.

మెడ లోపల 'ట్రస్ రాడ్' అనే ఇనుప కడ్డీ ఉంటుంది. మెడ వంగితే దాన్ని తిప్పి సరిచేస్తారు. మరీ చవక గిటార్లలో కొన్నిటికి ఇది ఉండదు. ఉందో లేదో షాపులో అడిగి, చూపించమనాలి.

పేరు, చెక్క

గిటార్ ముందు పలక రెండు రకాలు. పొరలు అతికించి చేసింది లామినేటెడ్, ఒకే చెక్కతో చేసింది సాలిడ్. సాలిడ్ పలక బాగా మోగుతుంది, ధర కూడా ఎక్కువే. గుండ్రటి రంధ్రం అంచుని పక్కనుంచి చూస్తే ప్లైవుడ్‌లా పొరలు కనిపిస్తాయా, పైనున్న గీతలే లోపలికి దిగాయా అన్నది తెలుస్తుంది. ఉదాహరణకి యమహాలో ఎఫ్310 లామినేటెడ్, ఎఫ్‌జీ800 సాలిడ్ స్ప్రూస్. నేర్చుకునేవాళ్లకి లామినేటెడ్ చాలు. ఎండకీ చెమ్మకీ అది ఎక్కువ తట్టుకుంటుంది కూడా.

పేర్ల దగ్గర మరో జాగ్రత్త. గిబ్సన్ అమెరికా కంపెనీ, గివ్‌సన్ మన కోల్‌కతా బ్రాండు. రెండూ వేరు. ఒకటి అనుకుని బేరం చేయొద్దు.

షాపులో పది నిమిషాల పరీక్ష

* తల వైపు నుంచి మెడ వెంట ఒక కన్నుతో చూడాలి. మెలి తిరిగి ఉంటే వద్దు.
* ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటాలి. ఎక్కడైనా జుయ్యిమని చప్పుడొస్తే సరిచేయమనాలి.
* ఫోన్‌లో ఉచిత ట్యూనర్ యాప్ పెట్టుకుని తీగని వదిలి మీటి శ్రుతి చేయాలి. తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే అదే స్వరం పేరు రావాలి, ముల్లు మధ్యలోనే నిలవాలి.
* మెడ అంచు మీద వేలు రాస్తే ఫ్రెట్ల కొసలు గుచ్చుకోకూడదు.
* బ్రిడ్జి కిందికి పల్చటి కాగితం దూరితే అది లేచిపోతోందని అర్థం.

సెకండ్‌హ్యాండ్ గిటార్ అయితే మెడ, డొక్క కలిసే చోట పగుళ్లు కూడా చూడాలి. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ గడువు లోపే ఈ పరీక్షలన్నీ చేసేయాలి.

సైజు ఎలా?

పెద్దవాళ్ల డ్రెడ్‌నాట్ గిటార్ పొడవు 41 అంగుళాలు. ఎనిమిది, పదేళ్ల పిల్లలకి సుమారు 36 అంగుళాల ముప్పాతిక సైజు నయం. వేళ్లు మరీ సున్నితమైతే నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ ఉంది. దాని మెడ సుమారు 52 మి.మీ. వెడల్పు, స్టీలు తీగలదైతే 43 దాకా. నైలాన్ గిటార్‌కి స్టీలు తీగలు మాత్రం ఎప్పుడూ కట్టకూడదు. ఆ లాగుడికి బ్రిడ్జి ఊడొస్తుంది.

డబ్బు ఎలా పంచుకోవాలి?

చేతిలో 10 వేలుంటే మొత్తం గిటార్‌కే పెట్టొద్దు. 8 వేల లోపు గిటార్ తీసుకుని మిగిలింది యాక్షన్ సరిచేయించడానికీ, కొత్త తీగలకీ, దళసరి బ్యాగుకీ ఉంచుకోవాలి. తీగల్లో 10 నంబరు సెట్ అడగాలి. 12 నంబరు కన్నా సన్నగా ఉంటుంది, తేలిగ్గా నొక్కుడుపడుతుంది. బెల్టు, పిక్‌లు, స్టాండు కలిపి ఇచ్చే కాంబో ఆఫర్లలో లెక్క చూసుకోవాలి. ఉచితమన్న వస్తువుల ఖరీదు గిటార్ నాణ్యతలోనే తగ్గుతుంది.

'నో కాస్ట్ ఈఎంఐ' అంటే వడ్డీ లేనట్టు కాదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తం అమ్మకందారు డిస్కౌంట్‌గా తగ్గిస్తాడు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, చాలా బ్యాంకుల్లో ప్రాసెసింగ్ ఫీజు కొనేవాళ్లే కట్టాలి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే చెప్పింది. వడ్డీ జోలికి వెళ్లకూడదనుకునే కుటుంబాలు ఇది తెలుసుకుని నిర్ణయం తీసుకోవాలి. నెలనెలా కొంత దాచి, నగదుకి బేరమాడి కొనడమే మేలు. బిల్లు తప్పక తీసుకోవాలి, అది లేకపోతే వారంటీ అడగలేరు.

ఇంటికి తెచ్చాక

గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే గిటార్‌కి మంచిది. హైదరాబాద్ ఎండాకాలంలో గాలి పొడిబారి చెక్క బిగుసుకుపోతుంది, విశాఖలాంటి సముద్ర తీరంలో తీగలు తుప్పుపడతాయి. ఎండలో కారులో వదలకూడదు, ఏసీ గాలికి ఎదురుగా పెట్టకూడదు. వాయించాక తీగల్ని పొడి గుడ్డతో తుడిచి బ్యాగులో పెడితే చాలు. గోడకి ఆనించి నిలబెడితే మాత్రం చిన్నపిల్లలున్న ఇంట్లో ఒక్క తోపుకే మెడ విరుగుతుంది.