రాకెట్టు పనికి ఏ చదువు చదువవలెను?

గ్రామములకు పోయినప్పుడు తల్లిదండ్రులు మమ్ము అడుగు ప్రశ్నలలో ఇటీవల క్రొత్తది యొకటి చేరినది. "మా పిల్లవాడు రాకెట్టులు చేసెద ననుచున్నాడు. ఏమి చదివించమందురు?" 2023 ఆగస్టు 23వ తేదీన చంద్రయాన్-3 చంద్రునిపై దిగుటను చూచిన బాలబాలికలకు ఈ కోరిక కలుగుట సహజమే. అయితే దీనికి లక్షలు వ్యయమగునని, పట్టణమునందలి పెద్ద కళాశాల తప్ప వేరు దారి లేదని పలువురు భావించుచున్నారు. దారులు ఒకటి కంటె ఎక్కువ కలవు. వానిలో నొకటి ఐ.టి.ఐ. గుమ్మము మీదుగా పోవుచున్నది.

తిరుపతి జిల్లాలో, పులికాట్ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట దీవి కలదు. 1971 నుండి అచ్చట రాకెట్టులను ప్రయోగించుచున్నారు. అచ్చటి నుండి లేచు పి.ఎస్.ఎల్.వి. ఎత్తు 44 మీటర్లు, బరువు సుమారు 320 టన్నులు. దీనిని లెక్కలు కట్టి రూపొందించువారు కొందరైతే, లోహమును కోయువారు, అతుకువారు, తీగెలు కలుపువారు, ప్రతి భాగమును పరీక్షించువారు ఎందరో కలరు. 1979 ఆగస్టు 10వ తేదీన ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగము విఫలమయ్యెను. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు సరిగా మూసికొనక ఆమ్లము కారిపోవుటయే కారణము. మరుసటి సంవత్సరము జూలై 18న అదే జాతి రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. ఒక చిన్న వాల్వును శుభ్రముగా అమర్చి పరీక్షించుట ఎంతటి పనియో దీనివలన తెలియగలదు.

పదవ తరగతి పిమ్మట ఐ.టి.ఐ.లో ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు, ఎలక్ట్రీషియను, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ వంటి విద్యలు నేర్చినవారిని ఇస్రో టెక్నీషియనులుగా తీసికొనుచున్నది. పాలిటెక్నిక్‌లో ప్రథమ శ్రేణిలో డిప్లొమా పొందినవారు టెక్నికల్ అసిస్టెంటు ఉద్యోగమునకు అర్హులు. ఇంజనీరింగు పట్టభద్రులు సైంటిస్టు ఉద్యోగమునకు పోటీపడవచ్చును. దీనికి సాధారణముగా 65 శాతము మార్కులు కావలెను. డిప్లొమాతో చదువు ఆగిపోవునను భయము వలదు. ఇసెట్ పరీక్ష వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరవచ్చును. చంద్రయాన్-3 ప్రాజెక్టు డైరెక్టరు, తమిళనాడులోని విల్లుపురమునకు చెందిన శ్రీ పి. వీరముత్తువేల్ గారు మొదట మెకానికల్ డిప్లొమా చేసి, ఆ పిమ్మటనే ఇంజనీరైరి. వారి తండ్రి రైల్వేలో టెక్నీషియను.

ఇంటరులో గణితము, భౌతిక, రసాయన శాస్త్రములు తీసికొన్నవారికి తిరువనంతపురమున 2007లో నెలకొల్పిన అంతరిక్ష విజ్ఞాన, సాంకేతిక సంస్థ కలదు. జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ ర్యాంకును బట్టి అందు ప్రవేశము లభించును. అచ్చట చదివినంత మాత్రమున ఇస్రోలో ఉద్యోగము నిశ్చయమని మాత్రము తలచరాదు. గణితము కష్టమని పదవ తరగతితోనే దానిని విడుచు పిల్లలను చూచినప్పుడు మాకు విచారము కలుగును. ఒక ఉపాధ్యాయుడు ఓపికతో మరల చెప్పినచో తొలగు భయమునకు ఇంజనీరింగు దారియే మూసికొని పోవుచున్నది.

జీవశాస్త్రము చదువువారికిని ఈ రంగముతో సంబంధము కలదు. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము ఉపగ్రహ చిత్రముల సాయమున పంటలను, జలవనరులను పరిశీలించును. అదే నగరమందలి సముద్ర సమాచార కేంద్రము చేపలు దొరకు చోట్లను జాలరులకు తెలుపుచున్నది. ఇట్టి పనులకు వ్యవసాయము, మత్స్యశాస్త్రము, భూగోళము తెలిసినవారు కావలెను.

2020 నుండి ప్రైవేటు సంస్థలకును ఈ రంగమున అవకాశము విరివిగా లభించినది. హైదరాబాదునకు చెందిన స్కైరూట్ సంస్థ తన విక్రమ్-ఎస్ రాకెట్టును 2022 నవంబరు 18న శ్రీహరికోట నుండి ప్రయోగించెను. ఆశ పెరిగినచోట మోసగాండ్రును చేరుదురు. ఇస్రో ఉద్యోగ ప్రకటనలు ఆ సంస్థ వెబ్‌సైటులోనే వెలువడును. మధ్యవర్తికి ఒక్క రూపాయి యైనను ఇయ్యవలదు.

ఆడపిల్లకు ఇంత చదువేలయని అడుగు తండ్రులు ఇంకను ఉన్నారు. 2019లో చంద్రయాన్-2 ప్రాజెక్టు డైరెక్టరు శ్రీమతి ఎం. వనిత, మిషన్ డైరెక్టరు శ్రీమతి రీతూ కరిధాల్. ఇరువురును స్త్రీలే.

ఇక ఇంటివద్ద చేయదగిన పనులు. సైకిలు పంపుతోను, ప్లాస్టిక్ సీసాతోను నీటి రాకెట్టు చేయవచ్చును. సీసాలో మూడవ వంతు నీరు పోసి, బిరడాగుండా గాలి ఎక్కించినచో నీరు క్రిందికి చిమ్మును, సీసా పైకి లేచును. పెద్ద రాకెట్టు లేచుటకును ఈ సూత్రమే ఆధారము. నీరు ఎంత పోసిన ఎంత ఎత్తు పోయెనో పుస్తకమున వ్రాసికొనవలెను. ఆ వ్రాతయే అసలైన అభ్యాసము. సీసాపైకి వంగి చూడరాదు, పెద్దలు దగ్గర నుండవలెను. బాణసంచా మందును కలుపు పని మాత్రము ఎన్నడును చేయనీయవలదు. దానివలన చేతివ్రేళ్లు పోవును.

తొమ్మిదవ తరగతి పిల్లలకై ఇస్రో 2019లో 'యువిక' యను శిక్షణ ప్రారంభించినది. ఎంపికలో ఎనిమిదవ తరగతి మార్కులతో పాటు సైన్సు ప్రదర్శనలు, ఆటలు, స్కౌటు, ఎన్.సి.సి. వంటివియు లెక్కకు వచ్చును. పంచాయతీ ప్రాంతపు పాఠశాలలో చదువువారికి ప్రత్యేకముగా కొన్ని మార్కులు కలవు. ప్రయాణము, భోజనము, వసతి వ్యయమును ఇస్రోయే భరించును. తొమ్మిదవ తరగతి దాటినచో ఈ అవకాశము మరల రాదు. కావున ప్రకటన ఎప్పుడు వచ్చునో ప్రధానోపాధ్యాయులను ముందుగానే అడిగి, ఎనిమిదవ తరగతి మార్కుల పత్రమును, ఆటల యోగ్యతాపత్రములను ఒకచోట భద్రపరచి యుంచుడు.