ఆండ్రాయిడ్‌లో ఆదోని ఉంది! అక్షరాలు ఇస్తే ఇంగ్లీష్ పదాలు వెతకడం ఎలా?

మొన్న ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్లే బస్సులో మా చిన్నమ్మ కొడుకు ఫోన్ నా చేతిలో పెట్టి, "అన్నా, తప్పు నాదా, కీ దా? నువ్వే సూడు" అన్నాడు. వాడు బ్యాంక్ క్లర్క్ పరీక్షకు ప్రిపేర్ అవుతున్నాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ప్రాక్టీస్ పేపర్‌లో ప్రశ్న ఇదీ: ఈ, ఎ, ఎం, టి అనే నాలుగు అక్షరాలనూ ఒక్కోటి ఒక్కసారే వాడి ఎన్ని అర్థమున్న ఇంగ్లీష్ పదాలు చేయొచ్చు? వాడు టీమ్, మీట్ (మాంసం అనే మీట్) దగ్గర ఆగిపోయి ‘రెండు’ అని పెట్టాడు. కీలో ‘మూడు కంటే ఎక్కువ’ అని ఉంది. మేట్, టేమ్ వాడికి తట్టలేదు. ఈ పరీక్షల్లో ఒక్క తప్పుకు పావు మార్కు కోత కూడా ఉంటుంది.

వర్డ్ ఫైండర్ యాప్ వేసుకోమందామనుకున్నా. చూస్తే వాడి ఫోన్‌లో అప్పటికే రెండున్నాయి. అవే నాలుగు అక్షరాలు కొడితే ఒకటి వందల పదాలు కుమ్మరిస్తోంది. ఇంకోటి ఈట్, మ్యాట్ లాంటి మూడక్షరాల పదాలూ కలిపి చూపిస్తోంది. యాప్‌లు చెడిపోలేదు. అవి వేరే ప్రశ్నలకు జవాబు చెబుతున్నాయి, అంతే. మనలో చాలామంది తికమక పడేది ఇక్కడే.

‘ఈ అక్షరాలున్న పదాలు’ అంటే నిజానికి మూడు రకాలు. ఇచ్చినవన్నీ ఉండాలి, వేరేవి ఉన్నా పర్లేదు అనేది మొదటిది. ఇచ్చినవాటిలోంచే ఏరుకోవాలి, కొన్ని మిగిలినా ఓకే అనేది రెండోది, స్క్రాబుల్ ఆట ఇదే. అన్నీ వాడాలి, ఒక్కటీ మిగలకూడదు, ఒక్కటీ ఎక్కువ కాకూడదు అనేది మూడోది. దీన్ని అనగ్రామ్ అంటారు. మావాడి ప్రశ్న ఈ మూడోది.

వాడికి అర్థం కావాలని ఊరి పేరే తీసుకున్నా. ఆదోనిని ఇంగ్లీష్‌లో ఎ, డి, ఓ, ఎన్, ఐ అని రాస్తాం. ఈ ఐదూ ఉన్న పదాలు వెతికితే డొమైన్ వచ్చింది, లోడింగ్ వచ్చింది, ఎడ్యుకేషన్ వచ్చింది. ఆండ్రాయిడ్ కూడా వచ్చింది! డౌన్‌లోడ్ మాత్రం జస్ట్ మిస్, అందులో ఐ లేదు.

ఇంతకీ యాప్ లోపల ఏం జరుగుతుంది? అక్షరాలను అటూ ఇటూ మార్చి అన్ని వరుసలూ ప్రయత్నిస్తుందని నేనూ మొదట్లో అనుకున్నా. నాలుగక్షరాలకైతే 24 వరుసలే. ఎమ్మిగనూరును కొందరు ముందు వై లేకుండా ఈ, ఎం, ఎం, ఐ, జి, ఎ, ఎన్, యు, ఆర్ అని రాస్తారు కదా, ఆ తొమ్మిదింటికి 1,81,440 వరుసలవుతాయి. అన్నీ తిప్పి డిక్షనరీలో చూడటం దండగ పని.

తెలివైన పద్ధతి చాలా సింపుల్. డిక్షనరీలో ప్రతి పదంలోని అక్షరాలనూ ముందే ఎ నుంచి జెడ్ వరుసలో సర్ది పెట్టుకుంటారు. టీమ్‌ను సర్దితే ఎ, ఈ, ఎం, టి. మేట్‌ను సర్దినా అదే, టేమ్‌నూ అదే. అంటే ఈ పదాలన్నీ ఒకే అరలో పడతాయి. మీరిచ్చిన అక్షరాలనూ అలాగే సర్ది నేరుగా ఆ అర తెరవడమే. ఫ్రీగా దొరికే ఎనేబుల్ అనే లిస్టులో సుమారు 1,72,000 పదాలున్నాయి. ఒక్కసారి అరలు సిద్ధమైతే చవక ఫోన్‌లో కూడా జవాబు రెప్పపాటులో వస్తుంది.

అలా వై లేని ఎమ్మిగనూరును సర్దాను: ఎ, ఈ, జి, ఐ, ఎం, ఎం, ఎన్, ఆర్, యు. ఆ అరలో ఉన్న పదం చూసి బస్సులోనే గట్టిగా నవ్వేశా. జెర్మేనియం! 1947లో బెల్ ల్యాబ్స్‌లో మొట్టమొదటి ట్రాన్సిస్టర్ చేసింది ఈ మూలకంతోనే. తర్వాత సిలికాన్ దాని చోటు లాక్కుంది కానీ, ఫైబర్ ఇంటర్నెట్ కేబుల్ లోపలి గాజులో ఇప్పటికీ జెర్మేనియం డయాక్సైడ్ కలుపుతారు. చేనేతకు పేరున్న ఊరి పేరులో ఇది దాక్కుందని ఎవరనుకుంటారు?

మొదటి రకానికి మాత్రం సర్దడం పనికిరాదు. దానికి టెర్మక్స్ యాప్‌లో గ్రెప్ కమాండ్ చాలు. పదాల ఫైల్‌లో ముందు ఎ ఉన్నవి, అందులో డి ఉన్నవి, వాటిలో ఓ ఉన్నవి అని జల్లెడ మీద జల్లెడ పట్టినట్టు పైప్‌తో కలుపుతూ పోవాలి. ఇక్కడో ఉచ్చు ఉంది. ఒకే అక్షరం రెండుసార్లు కావాలంటే ఈ జల్లెడ పట్టుకోదు. ఎం, ఎం, ఐ కావాలని అడిగితే ఒకే ఎం ఉన్న మిక్స్ కూడా జారి వచ్చేస్తుంది. లెక్కపెట్టే యాప్ ఏదో తెలుసుకోవాలంటే ఇదే టెస్ట్ పెట్టండి.

ఇంకో టెస్ట్, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వెతకండి. పని చేస్తే పదాల లిస్ట్ ఫోన్‌లోనే ఉన్నట్టు. అక్షరాలు సర్దే యాప్‌కు మీ కాంటాక్ట్స్‌తో, లొకేషన్‌తో ఏం పని? అడిగితే తీసెయ్యండి. మావాడి రెండింటిలో ఒకటి అలాగే పోయింది.

లిస్టును కూడా గుడ్డిగా నమ్మకండి. ఆదోని అక్షరాలన్నీ వాడితే డానియో అనే పదం వస్తుంది. అక్వేరియంలో పెంచే చిన్న చేప, జీబ్రా చేప కూడా ఈ జాతిదే. స్క్రాబుల్‌లో చెల్లుతుంది. కానీ బ్యాంక్ పరీక్ష పేపర్ చేసేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారని నేననుకోను. అలాగే ఈ, ఎ, ఎం, టి అక్షరాలకు కొన్ని లిస్టుల్లో మెటా అని ఐదోది కూడా ఉంటుంది. యాప్ ఇచ్చే సంఖ్య, కీలో ఉండే సంఖ్య ఒకటి కాకపోవచ్చు.

అసలు పరీక్ష హాల్లోకి ఫోన్ రానివ్వరు. అందుకే మావాడితో యాప్‌ను తిరగేసి వాడిస్తున్నా. ముందు పేపర్ మీద ఒక్కో అక్షరాన్ని మొదట పెట్టి చూడాలి. టి మొదట వస్తే టీమ్, టేమ్. ఎం మొదట వస్తే మీట్, మేట్. అంతా అయ్యాకే యాప్‌లో సరిచూసుకుని, తట్టని పదం నోట్‌బుక్‌లో రాసుకోవాలి. రోజుకు ఐదు సెట్లు.

బస్సు దిగేటప్పుడు స్టాండ్ బోర్డు చూపించి అడిగాడు: "అన్నా, మనూరికి ముందు వై రాస్తాం కదా, దాన్నేం చేద్దాం?"

వై కలిపి పది అక్షరాలనూ సర్ది చూశా. ఆ అర ఖాళీ.