పరిశోధన సలహా సంఘం: సభ్యుల ఎంపిక

మీరు మున్ముందు పిహెచ్.డి.లో చేరితే, యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం మీకు ఒక పరిశోధన సలహా సంఘం లేదా అలాంటి మండలి ఉంటుంది. మీ పర్యవేక్షకులే దానికి కన్వీనరు. పరిశోధనాంశాన్ని ఖరారు చేయడం, పద్ధతిలో దారి చూపడం, ప్రగతిని సమీక్షించడం ఈ సంఘం పనులు. ప్రతి సెమిస్టరులోనూ మీరు దాని ముందు మీ పనిని వివరించాలి.

సభ్యుల పేర్లు సూచించే అవకాశం వస్తే, వారి పేరుప్రఖ్యాతులను కాక, మీ పరిశోధనకు ఇంకా ఏ నైపుణ్యం కావాలో చూడండి. ఉదాహరణకు, మీ అంశం పోచంపల్లి చేనేత కార్మికుల అప్పులు అనుకుందాం. పర్యవేక్షకులు అర్థశాస్త్రం వారైతే, సర్వే పద్ధతులు తెలిసినవారు ఒకరు, చేనేత రంగాన్ని ఎరిగినవారు ఒకరు అవసరం.

వారికి మీ అధ్యాయాలు చదివే తీరిక ఉందో లేదో కూడా ముందే తెలుసుకోండి. ప్రశ్నావళిలోని లోపాన్ని మొదటి ఏడాదే చెబితే దిద్దుకోవచ్చు. సిద్ధాంత గ్రంథం బయటి పరీక్షకుల చేతికి వెళ్లాక అదే లోపం బయటపడితే, సర్వే మళ్లీ చేయవలసి రావచ్చు.