నలుగురూ తోసిన బండి

"రెండో గేరులో పెట్టు. క్లచ్చి నొక్కే ఉంచు. నేను ‘వదులు’ అన్నప్పుడు ఠక్కున వదలాలి!"

వెనక నుంచి టైలరు మావయ్య కేక. ఆయన పక్కన పాలక్యాను కింద పెట్టి వచ్చిన కుర్రాడు, పేపరు చేత్తో పట్టుకుని లుంగీ ఎగగట్టిన ఎదురింటి మాస్టారు, బడిసంచులు భుజాన వేసుకున్న ఇద్దరు పిల్లలు. బండి కదిలేది. పది అడుగులు, ఇరవై అడుగులు... "వదులు!" క్లచ్చి మీద నుంచి కాలు తీయగానే ఒక్క కుదుపు కుదిపి, దగ్గి, ఇంత పొగ వదిలి బండి మేలుకునేది. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. 1993లో తెనాలిలో మా ఇంటి ఉదయాలు చాలావరకు ఇలాగే తెల్లారేవి.

ఆర్సీ పుస్తకంలో నా ఒక్క పేరే ఉండేది. ఆ బండిని నడిపింది మాత్రం మా వీధి.

వీధికొక్క కారు ఉంటే గొప్ప అనుకునే రోజుల్లో కుర్రతనంలో పాత బండి కొనుక్కున్న ఎవరిని కదిపినా ఇలాంటి కథే వినిపిస్తుంది. తర్వాత వాళ్ళు ఎన్ని కార్లు మార్చినా, ఎంత ఖరీదైనవి కొన్నా, మాట మొదటి బండి దగ్గరికి వచ్చేసరికి గొంతు మారుతుంది. ఆ బండి ఎంత వేగంగా పోయేదో ఎవరూ చెప్పరు. అది ఎక్కడ ఆగిందో, అప్పుడు ఎవరు వచ్చారో చెబుతారు.

పాలపిట్ట ఇంటికొచ్చిన రోజు

మాది 1976 మోడల్ ప్రీమియర్ పద్మిని. కాగితాల మీద పద్మినే గానీ, ఊళ్ళో అందరికీ అది ఫియట్టే. బెజవాడ ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ బాబాయ్ చూపించాడు. అప్పటికి దానికి పదిహేడేళ్ళు, నాలుగు చేతులు మారింది. 32,000 రూపాయలకు బేరం కుదిరింది. సగం డబ్బుకు చీటీ పాడాను. మిగతా సగానికి అమ్మ తన గొలుసు తాకట్టు పెట్టింది.

నంబరు పాత పద్ధతిది: మూడు అక్షరాలు, నాలుగు అంకెలు. 1989 తర్వాత రిజిస్టరైన బండ్లకు గుంటూరు జిల్లాకు ఏపీ 7, కృష్ణాకు ఏపీ 16 అని జిల్లా అంకె వచ్చింది. అందుకే నంబరు పలక చూడగానే బండి వయసెంతో ఊరికి తెలిసిపోయేది.

దుర్గమ్మ కొండ కింద పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించి, ప్రకాశం బ్యారేజీ దాటాం. దుగ్గిరాల దగ్గరికి వచ్చేసరికి మార్కెట్ వైపు నుంచి పసుపు వాసన. ముందు తలుపుకున్న ముక్కోణపు చిన్న అద్దాన్ని తిప్పితే ఆ గాలి తిన్నగా మొహానికి తగిలేది. ఏసీ అన్న మాట మాకు సినిమా హాళ్ళ వల్లే తెలిసిన కాలంలో, ఆ చిన్న అద్దం ఇచ్చిన సుఖం ఇంతా అంతా కాదు.

ఇంటి ముందు ఆపగానే నాయనమ్మ హారతి పళ్ళెంతో వచ్చింది. నీలం రంగు బండిని అటూ ఇటూ చూసి, "అచ్చం పాలపిట్టలా ఉందిరా. దసరానాడు పాలపిట్ట కనబడితే మంచిదంటారు. ఇంక మనకు రోజూ దసరానే" అంది. ఆ పేరే ఉండిపోయింది.

ఎదురుచూపుల కాలం

మా ముందు తరానికి పాత బండి దొరకడం కూడా అదృష్టమే. దేశంలో కార్లు చేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్, బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద 1950ల చివర నుంచి అంబాసిడర్ తయారు చేసేది. వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, బొంబాయి కుర్లాలో ఇటలీ ఫియట్ నమూనాతో కార్లు చేసేది. 1964లో వచ్చిన 1100 డిలైటే పదేళ్ళ తర్వాత పద్మిని అయింది. మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ తయారయ్యేది. దాని బానెట్ మొత్తం, పక్క రేకులతో సహా, ముందుకు ఒరిగేది. మెకానిక్ చక్రం మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు.

ఎన్ని కార్లు చేయాలో లైసెన్సులు నిర్ణయించేవి. దిగుమతులకు విదేశీ మారకం ఉండేది కాదు. దాంతో డబ్బు కట్టిన మనిషి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాడు. మా పెదనాన్న గారు కారుకు డబ్బు కట్టినప్పుడు మా అక్క ఒకటో తరగతి. కారు ఇంటికొచ్చేసరికి పరికిణీ మీద ఓణీ వేసింది. అంతగా ఎదురుచూసి తెచ్చుకున్న వస్తువు పాతబడిందని ఎవరు పారేస్తారు? అందుకే ఒక బండి తండ్రి నుంచి కొడుక్కి, డాక్టరు గారి నుంచి కాంపౌండరుకి, అక్కణ్నుంచి టాక్సీ స్టాండుకి చేరుతూ ముప్పై నలభై ఏళ్ళు బతికేది.

అంబాసిడర్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ముందు సీటు ఒకే పొడుగాటి బల్ల. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి మధ్యలో అడ్డం లేదు. డ్రైవరు పక్కన ఇద్దరు పెద్దవాళ్ళు, ఒళ్ళో పిల్లలు, వెనక నలుగురు, కాళ్ళ దగ్గర లడ్డూల బుట్ట. మా చుట్టాల్లో చాలామంది కొత్త పెళ్ళికూతుళ్ళు అత్తవారింటికి వెళ్ళింది అందులోనే. అర్ధరాత్రి నొప్పులు మొదలైతే గుంటూరు ఆసుపత్రికి వెళ్ళిందీ అందులోనే.

చెవితో నడిపేవాళ్ళం

పాలపిట్ట ఇంజన్ 1089 సీసీ. ఇవాళ్టి లెక్కలో చిన్నదే. దాన్ని నడపడానికి కాళ్ళూ చేతులతో పాటు చెవులు కూడా కావాలి. పొద్దున్నే చోక్ నాబ్ లాగాలి. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. చోక్ లాగితే కార్బొరేటర్‌లోకి గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరిగి, నిప్పు త్వరగా అంటుకుంటుంది. ఇంజన్ వేడెక్కే కొద్దీ దాన్ని మెల్లగా లోపలికి నెట్టాలి. ఎప్పుడు, ఎంత అనేది ఎక్కడా రాసి ఉండదు. శబ్దం చెబుతుంది.

"మనిషికి నాడి ఉన్నట్టు బండికీ ఉంటుంది, అబ్బాయ్. చెయ్యి పెట్టే ముందు చెవి పెట్టాలి" అనేవాడు మెకానిక్ బాబాయ్. నాలుగు సిలిండర్లలో ఒకటి కొట్టకపోతే బండి కుంటుతూ పాడుతుంది. ఒక్కొక్క ప్లగ్గు వైరూ తీసి చూడాలి. ఏ వైరు తీసినప్పుడు శబ్దం మారదో, రోగం ఆ సిలిండర్‌ది. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు మాడితే ఎమరీ కాగితంతో రుద్ది, సందు సరిచేయాలి. ఫ్యాన్ బెల్టు, రెండు ప్లగ్గులు, పాయింట్ల సెట్టు, నీళ్ళ డబ్బా, పాత బనీను గుడ్డ లేకుండా డిక్కీ మూయకూడదని ఆయన పెట్టిన నియమం.

ఆ బనీను గుడ్డ విలువ మే నెలలో తెలిసింది. బెజవాడ ఎండలో, బెంజి సర్కిల్ దగ్గర బండి ఆగిపోయింది. పెట్రోలుంది, కరెంటుంది, అయినా పలకదు. సోడా బండి దగ్గర నిలబడ్డ లారీ డ్రైవరు వచ్చి బానెట్ ఎత్తి, ఏమీ అడక్కుండా గుడ్డ తడిపి పెట్రోలు పంపు మీద కప్పాడు. వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరై దారి మూసేస్తుందట. పంపు చల్లబడితే ఆవిరి మళ్ళీ ద్రవం అవుతుంది. పది నిమిషాల్లో బండి కదిలింది. డబ్బివ్వబోతే ఆ డ్రైవరు చేతులు జోడించి, "రేపు నా బండి ఆగితే మీలాంటోళ్ళే గదండీ ఆపేది" అన్నాడు. రోడ్డు మీద అప్పట్లో చెల్లింది ఆ చెలామణీయే.

ఏడుకొండల దారిలో

నాయనమ్మకు ఒకటే కోరిక, సొంత బండిలో తిరుమల కొండెక్కాలని. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. పైకి వెళ్ళే బండ్ల కోసం రెండోది 1974లో వచ్చింది. ఆ రెండో దారిలో బయల్దేరాం. నాలుగు మలుపులు తిరిగాక బానెట్ సందుల్లోంచి ఆవిరి. తప్పు బండిది కాదు, నాది. తెనాలిలో బయల్దేరేటప్పుడు చూసిన రేడియేటర్ నీళ్ళను అలిపిరిలో మళ్ళీ చూడలేదు.

వేడి మీద మూత తిప్పితే మరిగే నీళ్ళు మొహాన చిమ్ముతాయి. ఒక్కసారిగా చన్నీళ్ళు పోస్తే ఇంజన్ దిమ్మ పగలొచ్చు. కాబట్టి ఆగడమొక్కటే మార్గం. అరగంట ఆగాం. పైకి పోయే రెండు కార్లు వాటంతటవే ఆగాయి. ఒకాయన తన డబ్బాలో నీళ్ళిచ్చాడు. మరొకామె నాయనమ్మకు పులిహోర పొట్లం ఇచ్చి పక్కన కూర్చుంది. ఒకరికొకరు ఎవరో, ఏ ఊరో తెలియని ఆ ఇద్దరు ముసలమ్మలూ రాతి గోడ మీద కూర్చుని శేషాచలం కొండల్ని చూస్తూ మాట్లాడుకున్న దృశ్యం నా కళ్ళ ముందు ఇప్పటికీ ఉంది. దర్శనం గురించి నాయనమ్మ తర్వాత ఎక్కువ చెప్పలేదు. ఆ అరగంట గురించి చివరిదాకా చెప్పింది.

మారుతి వచ్చింది

1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరా గాంధీ మొదటి మారుతి 800 తాళాలు హర్‌పాల్ సింగ్ అనే కొనుగోలుదారు చేతిలో పెట్టారు. ధర 47,500 రూపాయలు. మూడు సిలిండర్లు, 796 సీసీ, ముందు చక్రాలే లాగే చిన్న బండి. తాళం తిప్పితే చాలు, పలికేది. హర్‌పాల్ సింగ్ ఆ కారును 2010లో కన్నుమూసేదాకా అమ్ముకోలేదు. మొదటి బండి మీద మమకారానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మా తరంలో ఎందరో ఆడవాళ్ళను స్టీరింగు ముందు కూర్చోబెట్టిన కారది. మా వదిన ముప్పై ఆరేళ్ళ వయసులో, సెకండ్ హ్యాండ్ మారుతి మీద మునిసిపల్ గ్రౌండులో ఎనిమిది అంకె వేస్తూ నేర్చుకుంది. నెల తిరిగేసరికి పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని ఒక్కతే గుంటూరు వెళ్ళి వచ్చింది. "ఎవర్నీ ‘తీసుకెళ్ళవా’ అని అడగకుండా పుట్టింటికి వెళ్ళాను" అని ఆ సాయంత్రం ఆమె అన్నప్పుడు, ఇంట్లో మగవాళ్ళం ఎవరం మాట్లాడలేకపోయాం. ఒకరి సాయం అవసరమవడంలో ఆత్మీయత ఎంతుందో, అవసరం లేకపోవడంలో గౌరవం అంత ఉంటుందని ఆ రోజు తెలిసింది.

పది బండ్లలో బతికింది

2002లో హైదరాబాదుకు బదిలీ అయింది. పాలపిట్టకు అక్కడ చోటు లేదు. పద్మిని తయారీ ఆగిపోయి అప్పటికి ఒకటి రెండేళ్ళు. కొత్త విడిభాగాలు దొరకడం తగ్గింది. మెకానిక్ బాబాయే తీసుకున్నాడు. మూడు నెలల తర్వాత వెళితే తలుపులు లేవు. ఆర్నెల్లకు ఇంజన్ లేదు. నా మొహం చూసి ఆయన భుజం మీద చెయ్యేశాడు. "బాధపడకు. తలుపులు గుడివాడ బండికి, గేరుబాక్సు ఏలూరు బండికి, డైనమో ఇక్కడే పక్క షెడ్డు బండికి. ఒకటి పోయి పది బండ్లను నిలబెట్టింది."

తర్వాత ఒక్కొక్కటిగా అన్నీ సెలవు తీసుకున్నాయి. 2010 నుంచి హైదరాబాదు సహా 13 నగరాల్లో కాలుష్య నిబంధనల వల్ల మారుతి 800 అమ్మకాలు ఆగాయి. 2014 జనవరిలో తయారీ ముగిసింది. అదే ఏడాది మేలో ఉత్తరపారాలో అంబాసిడర్ ఆగింది. 2023 అక్టోబరు చివర్లో ముంబయి రోడ్ల మీద నుంచి ఆఖరి పద్మిని టాక్సీ తప్పుకుంది.

ఇంకా ఎవరి పెరట్లోనైనా, ఏ పశువుల కొట్టంలోనైనా టార్పాలిన్ కింద పాత బండి ఉంటే, తూకానికి వేసే ముందు ఒక్కసారి ఆగండి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. రోజువారీ తిరుగుడుకు పనికిరాదు గానీ ప్రదర్శనలకు, ర్యాలీలకు తీయవచ్చు. పాలపిట్ట ఉండి ఉంటే 2026తో దానికి యాభై నిండేవి. బండిని నిలపలేకపోతే కనీసం దాన్ని బాగుచేసిన మేస్త్రి మాటలనైనా ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. శబ్దాన్ని బట్టి రోగం చెప్పగలిగిన చెవులు మన కళ్ళ ముందే తగ్గిపోతున్నాయి.

అరచేతుల అచ్చులు

టైలరు మావయ్య చేతులకు ఎప్పుడూ సుద్ద ఉండేది. ఆయన తోసిన రోజు డిక్కీ మీద రెండు తెల్లటి అరచేతులు పడేవి. పక్కనే దుమ్ములో మాస్టారి వేళ్ళు, కిందగా పిల్లల చిన్న చేతులు. ఆఫీసు దగ్గర దిగి చూస్తే ఆ అచ్చులన్నీ నాతో పాటే వచ్చి ఉండేవి. బండి అంతా తుడిచినా, ఆదివారం దాకా వాటిని తుడవబుద్ధయ్యేది కాదు.

ఇప్పుడు నేను నడిపేది ఆటోమేటిక్ గేర్ల కారు. బ్యాటరీ పడిపోతే దాన్ని తోసి స్టార్టు చేయడం కుదరదు. ఆ గేర్ల అమరికలో చక్రాల తిరుగుడు ఇంజన్‌కు చేరదు. పోయినేడు ఒకసారి అపార్టుమెంటు సెల్లార్లో ఆగితే, హెల్ప్‌లైనుకు ఫోను చేసి ఒక్కణ్నే కూర్చున్నాను.

మొన్న మార్చిలో, పొద్దున ఎనిమిదింటికి, అదే సెల్లార్లో పాత కారు సెల్ఫ్ మూలుగు వినబడింది. మూడో అంతస్తులో ఉండే ఆయన మారుతి. పక్క సీట్లో పదో తరగతి పరీక్షకు వెళ్ళే కూతురు, చేతిలో హాల్ టికెట్, కళ్ళ నిండా నీళ్ళు. నా కాళ్ళు వాటంతటవే వెనక్కి నడిచాయి. సంచి కింద పెట్టి డిక్కీ మీద చేతులానించి, "రెండో గేరులో పెట్టండి. నేను ‘వదులు’ అన్నప్పుడు వదలండి!" అన్నాను. వాచ్‌మన్ వచ్చాడు. పార్సిల్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు హెల్మెట్ తీయకుండానే చేయి వేశాడు. పేరైనా తెలియని పై అంతస్తు పెద్దాయన వాకింగ్ బూట్లతోనే పరుగెత్తుకొచ్చారు. గేటు దాటేలోపు ఇంజన్ పలికింది. అమ్మాయి కిటికీలోంచి చెయ్యి ఊపింది.

సాయంత్రం వచ్చేసరికి ఆ కారు దాని చోటులో ఉంది. డిక్కీ మీద దుమ్ములో నాలుగు జతల అరచేతులు. వాటిని ఎవరూ తుడవలేదు.