సీసా మీది తెలుగు

వ్యాపార వస్తువుల పేర్లు కూడా భాషాచరిత్రకు ఆధారాలే. బెంగళూరు కొట్లలో పక్కపక్కనే కనిపించే రెండు పేర్లను, ఎమ్.టి.ఆర్., ప్రియ, ఈ దృష్టితో పరిశీలిద్దాం.

ఎమ్.టి.ఆర్. మొదట హోటలు. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చిన యజ్ఞనారాయణ మయ్య, ఆయన సోదరులు 1924లో దీన్ని ప్రారంభించారు. మావళ్ళి టిఫిన్ రూమ్స్ అన్న పేరులోని మావళ్ళి లాల్‌బాగ్ దగ్గరి పేట. సంస్థ చెప్పుకునే చరిత్ర ప్రకారం, ఎమర్జెన్సీ రోజుల్లో (1975–77) ప్రభుత్వం హోటళ్ళ ధరలను బాగా తగ్గించింది. ఆ ధరకు తమ రుచి ఇవ్వలేమని వారు కొంతకాలం హోటలు మూశారు. పనివారిని నిలుపుకోవడానికి పొడులూ, రవ్వ ఇడ్లీ పిండీ పొట్లాలు కట్టి అమ్మారు. హోటలు సంపాదించిన నమ్మకమే ఆ పొట్లాలకు ప్రచారం. 2007లో ఈ ఆహార వ్యాపారాన్ని నార్వేకు చెందిన ఓర్క్‌లా సంస్థ కొన్నది. హోటలు మాత్రం కుటుంబం చేతిలోనే ఉన్నది.

ప్రియ పచ్చళ్ళ దారి వేరు. వీటిని 1980లో ప్రారంభించిన రామోజీరావుకు (మరణం 2024) అప్పటికే ఈనాడు పత్రిక ఉన్నది. 1995లో ఈటీవీ వచ్చింది. అక్కడ హోటలు చేసిన పనిని ఇక్కడ పత్రిక, టీవీ చేశాయి.

ఇంటి జాడీకి పేరు అక్కరలేదు. అందులో ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు. అంగడి సీసా అలా కాదు. తనెవరో తానే చెప్పుకోవాలి. అక్కడే భాష సమస్య మొదలవుతుంది. ఆవకాయ, గోంగూర ఇంగ్లీషు లిపిలోనైనా తమ పేర్లు నిలుపుకున్నాయి. వాటన్నిటినీ కలిపి చెప్పే పచ్చడి, ఊరగాయ మాత్రం పికిల్ అయిపోయాయి. అంటే విశేష నామం నిలిచింది, జాతి నామం జారింది.

ఈ మార్పులో పోయేది చిన్నదేమీ కాదు. పికిల్ అన్న మాట మూలంలో ఉప్పునీరు ఉన్నది. సాస్ అన్న మాట లాటిన్‌లో ఉప్పు వేసినది అనే అర్థం నుంచి వచ్చింది. కన్నడ ఉప్పినకాయి కూడా ఉప్పునే చూస్తుంది. తెలుగు ఊరగాయ చూసేది ఉప్పును కాదు, ఊరడాన్ని. అంటే వేచి ఉన్న రోజులను. ఇక పచ్చడి అప్పటికప్పుడు రోట్లో నూరినదీ కావచ్చు, ఏడాదికి సరిపడా పెట్టినదీ కావచ్చు. తెలంగాణలో తొక్కు అంటారు. ఈ తేడాలేవీ పికిల్‌లో ఇమడవు.

మరొక ఉదాహరణ పులియోగరె. మన పులిహోర, కన్నడ పులియోగరె ఒకే కుదురు మాటలు: పులి అంటే పులుపు, ఓగిరం అంటే అన్నం. ఇంట్లో చింతపండు పులుసు కాచి కలిపితే పులిహోర, పొట్లం పొడి కలిపితే పులియోగరె అనే తెలుగు పిల్లలను ఈ నగరంలో మేము చూస్తున్నాము. పొట్లం మీది పేరు ఇంట్లోకి వచ్చి అర్థభేదాన్ని సృష్టించింది.

దీనికి చట్టం ఎంతవరకు కారణం? ఆహార లేబుళ్ళపై 2011 నాటి నిబంధనల ప్రకారం తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులోగాని, దేవనాగరి లిపిలో హిందీలోగాని ఉండాలి. మరే భాషనైనా అదనంగా చేర్చుకోవచ్చు. 2020లో వచ్చిన నిబంధనలూ అంతే. కనుక సీసా మీద తెలుగు ఉండాలని చట్టం కోరదు, వద్దనీ అనదు. అది ఉత్పత్తిదారు నిర్ణయం. ఆయన చూసేది కొనేవారిని.

విద్యార్థులకు మా సూచన ఒకటి. ఈ వారం ఒక కొట్టుకు వెళ్ళి పది సీసాల మీది పేర్లు రాసుకోండి. ఏ మాట ఏ లిపిలో ఉందో, ఏది అనువాదమైందో గుర్తించండి. తరువాత అవే వస్తువులను ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారో అడిగి పక్కన రాయండి. రెండు వరుసల మధ్య ఖాళీయే మనం అధ్యయనం చేయవలసిన విషయం.