రిపోర్టు రాసేది ఎవరు, డబ్బులిచ్చేది ఎవరు?

ఒక సెమిస్టర్ ప్రాజెక్ట్ ఊహించుకోండి. దాన్ని చెక్ చేసి రిపోర్టు రాసే మనిషిని మీరే వెతుక్కోవాలి, ఫీజు మీరే కట్టాలి, ఆయన రాసింది మీరే డిపార్ట్‌మెంట్‌లో సబ్మిట్ చెయ్యాలి. డిపార్ట్‌మెంట్ వాళ్లు మీ కోడ్ తెరవరు, ఆ రిపోర్టు చదివి మార్కులేస్తారు. నవ్వొస్తుంది కదా? మన దేశంలో గనికో, ఫ్యాక్టరీకో పర్యావరణ అనుమతి అడిగినప్పుడు జరిగేది దాదాపు ఇదే.

ఆ రిపోర్టు పేరు ఈఐఏ, అంటే పర్యావరణ ప్రభావ అంచనా. 2006 సెప్టెంబర్ 14న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ఏమేం స్టడీ చెయ్యాలో ముందు నిపుణుల కమిటీ చెబుతుంది. దరఖాస్తుదారు గుర్తింపు ఉన్న కన్సల్టెంట్‌ని పెట్టుకుని డ్రాఫ్ట్ రాయిస్తారు. కాలుష్య నియంత్రణ మండలి 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి ప్రజాభిప్రాయ సేకరణ పెడుతుంది. చివరికి కమిటీ ఫైనల్ రిపోర్టు చూసి సిఫార్సు చేస్తుంది. కమిటీలో నిపుణులే ఉంటారు. కానీ వాళ్ల ముందుకొచ్చే డేటా చాలావరకు దరఖాస్తుదారు డబ్బుతో తయారైనదే. ఇన్‌పుట్ తప్పైతే అవుట్‌పుట్ ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇది జహీరాబాద్‌కి దూరం విషయం కాదు. ఇక్కడి నిమ్జ్ కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో సుమారు 12,600 ఎకరాలు అనుకున్నారు. 2019 జులైలో బర్దిపూర్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఉద్యోగాలు వస్తాయని ఆశ ఒక వైపు, భూమి పోతుందని భయం ఇంకో వైపు. రెండూ నిజమైనవే. అందుకే మధ్యలో ఉండే రిపోర్టు నమ్మదగ్గదిగా ఉండాలి.

ఒక చిన్న ఉదాహరణ. ఈఐఏ కోసం డేటాని సాధారణంగా వానాకాలం కాకుండా మిగతా ఒక సీజన్‌లో తీసుకుంటారు. జహీరాబాద్ చేలల్లో వానాకాలంలో కంది, పెసర, కొర్ర, జొన్న కలిపి వేస్తారు. ఎవరూ విత్తకపోయినా దొగ్గలికూర, తుమ్మికూర మొలుస్తాయి, వాటిని ఏరుకొచ్చి వండుకుంటారు. పస్తాపూర్ డీడీఎస్ సంఘాల మహిళలు ఏటా పాత పంటల జాతర చేసేది ఈ విత్తనాల కోసమే. ఎండాకాలంలో వచ్చిన సర్వేయర్‌కి అదే చేను ఖాళీ నేలలా కనిపిస్తుంది. ఆయన అబద్ధం రాయక్కర్లేదు, కనిపించింది రాస్తే చాలు.

కావాలని చేసిన తప్పులూ ఉన్నాయి. మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో బాక్సైట్ గని ఈఐఏలోకి రష్యా గని రిపోర్టులోని పేరాలు యథాతథంగా వచ్చేశాయి. కొంకణ్ తీరంలో స్ప్రూస్, బర్చ్ అడవులు! మన ల్యాబ్ రికార్డులు గుర్తొచ్చాయా? గోవా మోపా ఎయిర్‌పోర్టు కేసులో, దరఖాస్తులో ముఖ్యమైన వివరాలు చెప్పలేదని సుప్రీంకోర్టు 2019 మార్చిలో అనుమతిని ఆపి, మళ్లీ పరిశీలించమంది. 2020 జనవరిలోగానీ ఆ పని ముందుకు కదల్లేదు. అంటే బలహీనమైన రిపోర్టు వల్ల నష్టం ఊరికే కాదు, ప్రాజెక్టుకి కూడా.

వేరే దారి లేదా? న్యూజిలాండ్‌లో 1991 వనరుల నిర్వహణ చట్టం 92వ సెక్షన్ చూడండి. ప్రభావం పెద్దగా ఉండొచ్చు అనిపిస్తే అనుమతి ఇచ్చే సంస్థే నిపుణుడిని పెట్టి రిపోర్టు రాయించుకోవచ్చు. ఎందుకు కావాలో ముందే దరఖాస్తుదారుకి చెప్పాలి. ఒప్పుకోవాలా వద్దా అన్నది వాళ్లిష్టం. కానీ వద్దంటే, సమాచారం చాలలేదన్న కారణంతో దరఖాస్తుని తిరస్కరించే వీలుంది. ఖర్చు దరఖాస్తుదారు నుంచే వసూలు చెయ్యొచ్చు. గమనించండి, డబ్బు అదే జేబులోంచి వస్తుంది. మారింది ఒక్కటే: నిపుణుడు ఎవరికి జవాబు చెప్పాలి అన్నది.

మన దగ్గర రూల్ మారేదాకా ఒక పని చెయ్యొచ్చు. ఈఐఏ సారాంశం తెలుగులో ఇవ్వాలని 2006 నోటిఫికేషన్‌లోనే ఉంది. మీ ఊరి దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ అంటే అది తెచ్చుకుని చదవండి. డేటా ఏ నెలలో తీశారు, ఏ బావుల నీళ్లు టెస్ట్ చేశారు, పంటల లిస్టులో మీ అమ్మమ్మ వండే కూర ఉందా, చూడండి. లేకపోతే లేచి అడగండి. అడిగింది మినిట్స్‌లో రాయాలి, ఫైనల్ రిపోర్టులో దానికి జవాబు ఉండాలి. కన్సల్టెంట్‌కి ఫీజు ఎవరిచ్చినా, ఆ చేను గురించి ఎక్కువ తెలిసింది మాత్రం దాన్ని దున్నేవాళ్లకే.